అక్క ఉంది కదా!

"మీ తర్వాత వీడికి ఎవరండీ?" అని ఎవరైనా అడిగితే మా ఇంట్లో జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "అక్క ఉంది కదా!" ఆ అక్కను నేనే. మా తమ్ముడికి ముప్పై దాటాయి. పుట్టుకతోనే మేధో వైకల్యం, దానికి తోడు ఫిట్స్. సదరం సర్టిఫికెట్లో 75 శాతం అని రాసిచ్చారు. అమ్మానాన్నలతో తెనాలిలో ఉంటాడు. నేను పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చేశాను. వాడంటే నాకు ప్రాణం. అయినా సరే, ఒక మనిషి మిగతా జీవితమంతా "అక్క ఉంది కదా" అన్న ఒక్క మాట మీద వదిలేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ అన్యాయం నాకు కొంత, వాడికి చాలా.

ఇలాంటి పిల్లలున్న ఇళ్ళలో చాలాచోట్ల ఇదే వరస. అక్క లేకపోతే అన్న, అన్న లేకపోతే పిన్ని కూతురు. అడక్కుండానే ఒకరి పేరు ఖాయమైపోతుంది. నాకు సంబంధాలు చూసే రోజుల్లో తమ్ముడి సంగతి వచ్చినవాళ్ళకి ముందే చెప్పాలా, మాటలయ్యాక చెప్పాలా అని పెద్దవాళ్ళు వంటింట్లో గుసగుసలాడుకునేవాళ్ళు. ఫంక్షన్లలో "బంగారు తల్లివి, నువ్వున్నావు కాబట్టే మీ అమ్మకి ధైర్యం" అని నా గడ్డం పుచ్చుకునేవాళ్ళు. వాళ్ళ అభిమానాన్ని నేను కాదనను. కానీ నాకూ వాడికీ నాలుగేళ్ళే తేడా అన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వాడికి అరవై వచ్చేనాటికి నన్ను చూసుకోవడానికే ఒకరు కావాలి. నేనే ముందు పోతే ఏంటి పరిస్థితి? మా ఆయన మనసున్నవాడే, కాని ఆయనకీ వయసొస్తుంది, ఆయన తల్లిదండ్రులూ మంచాన పడే రోజులొస్తాయి. నా పిల్లలు ఈ బాధ్యత ఎత్తుకుంటారో లేదో వాళ్ళు చెప్పాలి, వాళ్ళ తరఫున నేను మాటివ్వలేను.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఇన్నేళ్ళుగా ఇంతమంది వాడి భవిష్యత్తు గురించి మాట్లాడారు. వాడి ఎదుటే, వాడు భోజనం చేస్తుండగా, వాడి పేరు పెట్టి మాట్లాడారు. ఒక్కరూ వాణ్ణి అడగలేదు.

అక్కలు లేని ఇళ్ళకి ఇంకో సలహా ఇస్తారు. "ఎవరైనా పేదింటి పిల్లని చూసి పెళ్ళి చేసేయండి, ఆ పిల్లే చూసుకుంటుంది." నేనుండగానే మా అమ్మకీ ఇచ్చారు ఈ సలహా. కట్నం వద్దు, ఎకరం పొలం రాసిస్తామంటే ఎవరో ఒకరు ఒప్పుకుంటారన్నది వాళ్ళ ధీమా. మేధో వైకల్యం ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదని నేననను. తనంతట తను ఇష్టపడి, ఎదుటి మనిషి కూడా అంతా తెలిసి ఇష్టపడితే అది వాళ్ళిద్దరి హక్కు, మధ్యలో మనమెవరం? కానీ ఇక్కడ జరిగేది వేరు. ఇద్దరిలో ఒక్కరి ఇష్టమూ అడక్కుండా, జీతం లేని ఆయాని తాళి కట్టి ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఆ అమ్మాయి బతుకుని మన కొడుక్కి ఇన్సూరెన్స్‌గా వాడుకుంటున్నారు. మా అమ్మ ఆ రోజు ఒక్కటే మాట అంది, "నాకూ కూతురుంది వదినా" అని. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

సరే, ప్రేమ సంగతి పక్కన పెట్టి చట్టం సంగతి చూద్దాం. చట్టానికి అక్క అంటే ఎవరో తెలీదు. పద్దెనిమిదేళ్ళు నిండిన రోజు నుంచి అమ్మానాన్నల సంతకం కూడా చెల్లదు, ఎంత వైకల్యం ఉన్నా సరే వాడు మేజరు. చాలామందికి ఈ సంగతి తెలిసేది బ్యాంకులోనే. మా తాతయ్య వాడి పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరినప్పుడు నాన్న, నేను, తమ్ముడు ముగ్గురం వెళ్ళాం. కౌంటర్లో ఉన్నాయన వాడి ముందుకి కాగితం జరిపి సంతకం పెట్టమన్నాడు. వాడు చాలా శ్రద్ధగా, నాలుక కొంచెం బయటపెట్టి, గీత పొడుగునా సున్నాలు చుట్టాడు. వాడికి రాయడమంటే అదే. "కుదరదండీ, కోర్టు ఆర్డరు తెచ్చుకోండి" అని కాగితం వెనక్కి తీసుకున్నాడాయన. కోర్టుకి వెళ్ళే పనే లేదని తర్వాత ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ చెప్తే తెలిసింది.

1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా చేసిన చట్టమది. దాని కింద ఏర్పడ్డ కేంద్ర ప్రభుత్వ సంస్థ పేరే నేషనల్ ట్రస్ట్. ఆ చట్టం కింద ప్రతి జిల్లాకీ ఒక లోకల్ లెవెల్ కమిటీ ఉండాలి. అందులో కలెక్టరు స్థాయి అధికారి ఒకరు, ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి, చట్టప్రకారం వాళ్ళ తరఫున నిర్ణయాలు తీసుకునే లీగల్ గార్డియన్‌ని నియమించే అధికారం ఈ కమిటీది. తల్లిదండ్రులు గానీ, బంధువులు గానీ, నమోదైన సంస్థ గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. ఈ సర్టిఫికెట్ చూపిస్తే బ్యాంకులు ఒప్పుకోవాలని రిజర్వ్ బ్యాంకు కూడా చెప్పింది.

ఇంతవరకు చాలా బ్లాగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది దీని తర్వాతి మాట. గార్డియన్‌షిప్ అనగానే తల్లిదండ్రులు దాన్ని సర్వాధికారాల పట్టాలా చూస్తారు. అన్నిటికీ మేమే, అన్నీ మాకే. చట్టం అలా అనలేదు. దరఖాస్తు వచ్చినప్పుడు కమిటీ రెండు విషయాలు చూడాలి: అసలు ఈ వ్యక్తికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏయే పనులకి. 14వ సెక్షన్లో ఇది స్పష్టంగా ఉంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. దాంట్లో చెప్పింది పరిమిత గార్డియన్‌షిప్. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఇద్దరూ కలిసి, వైకల్యం ఉన్న వ్యక్తి ఇష్టాన్ని బట్టి. అంతకుముందు వేరే చట్టాల కింద నియమించిన గార్డియన్లు కూడా ఇకమీదట ఇలాగే నడుచుకోవాలంది. ఆ చట్టం 2017 ఏప్రిల్లో అమల్లోకి వచ్చింది. అయినా మన ఆఫీసుల్లో ఇప్పటికీ దరఖాస్తు తీసుకునేవాళ్ళు గార్డియన్ కాబోయేవాళ్ళ ఆధార్ అడుగుతారు, ఫొటోలు అడుగుతారు, ఆస్తి వివరాలు అడుగుతారు. పక్కన కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం పేరు కూడా అడగరు.

నేషనల్ ట్రస్ట్ చట్టంలోనే నాకు బాగా నచ్చిన సెక్షన్లు రెండున్నాయి. గార్డియన్ అయిన ఆరు నెలల్లోపు వాడి ఆస్తి జాబితా ఇవ్వాలి, ఆపైన ఏటేటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు చూపాలి. గార్డియన్ వాణ్ణి పట్టించుకోకపోయినా, హింసించినా, ఆస్తి కాజేసినా తొలగించమని తల్లిదండ్రులో బంధువులో సంస్థో కమిటీకి రాయొచ్చు. "సొంత అక్కని లెక్కలడుగుతారా?" అని మా పెదనాన్న నొచ్చుకున్నారు. అడగాలి పెదనాన్నా. నన్నూ అడగాలి. "అక్క ఉంది కదా" అని ఊరుకున్న చోట అక్కని అడిగేవాళ్ళెవరూ ఉండరు. నేను ఎంత మంచిదాన్నయినా ఆ ఏర్పాటు మంచిది కాదు.

డబ్బు దగ్గరికి వద్దాం. మా నాన్న పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ నిబంధనల ప్రకారం, సంపాదించుకోలేని వైకల్యం ఉన్న పిల్లలకి ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది. పిల్లల ఆదాయ పరిమితిని 2021లో పెంచారు కూడా. అప్పటిదాకా నెలకి తొమ్మిది వేలు, దానిపై కరువు భత్యం దాటితే రాదన్న నియమం ఉండేది. ఇప్పుడు తల్లి లేదా తండ్రి ఆఖరి జీతంలో 30 శాతం, దానిపై కరువు భత్యం, ఈ మొత్తంకంటే తక్కువైతే చాలు. కానీ అసలు కిటుకు వేరే ఉంది. తండ్రి బతికుండగానే ఆ బిడ్డ పేరు, వైకల్యం వివరం పెన్షన్ కాగితాల్లో ఎక్కించాలి. పెన్షన్ ఎవరి చేతికి ఇవ్వాలో కూడా ఆయనే నామినేట్ చేసి పెట్టొచ్చు. ఇది చేయని ఇళ్ళలో తండ్రీ, తల్లీ ఇద్దరూ పోయాక తోబుట్టువులు డెత్ సర్టిఫికెట్లు, వైకల్యం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతారు. ఆ తిరిగే కాలంలో ఆ మనిషికి మందులెవరు కొంటారు? మీ ఇంట్లో ప్రభుత్వ పెన్షనరు ఉంటే, రాష్ట్ర ప్రభుత్వమైనా సరే, వైకల్యం ఉన్న పిల్లల పేరు కాగితాల్లో ఉందో లేదో ఈ వారమే చూడండి. మిగతావన్నీ తర్వాత.

నిరామయ గురించి కూడా ఒక మాట. నేషనల్ ట్రస్ట్ నడిపే ఆరోగ్య బీమా అది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, ముందస్తు వైద్య పరీక్షలేమీ లేకుండా. ఆస్పత్రిలో చేరితేనే అని కాదు, ఓపీ ఖర్చులకీ, థెరపీలకీ వర్తిస్తుంది. లక్ష పెద్ద మొత్తం కాదు నిజమే. కానీ మామూలు బీమా కంపెనీలు ఫిట్స్ అనగానే మొహం తిప్పుకునే చోట అది చిన్న సంగతేమీ కాదు.

ఆస్తి విషయంలో మనవాళ్ళ ఆలోచన ఇంకా పాతకాలంలోనే ఉంది. పాత హిందూ ధర్మశాస్త్రం పుట్టుకతో మతిలేనివాడికి వాటా లేదంది. 1928లో బ్రిటిష్ ప్రభుత్వం రకరకాల వైకల్యాలున్నవాళ్ళకి వారసత్వ హక్కు ఇస్తూ చట్టం చేసినప్పుడు కూడా మతి లేకుండా పుట్టినవాళ్ళని మాత్రం బయటే ఉంచింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌తో ఆ గోడ కూలిపోయింది. రోగం, లోపం, వైకల్యం ఏదీ వారసత్వానికి అడ్డు కాదంది. అంటే మా తమ్ముడికీ నాకూ సమాన వాటా. అయినా ఇళ్ళలో ఏం చేస్తారు? "వాడికెందుకు ఆస్తి, వాడు చూసుకోలేడు కదా, అక్క పేర రాసేద్దాం, అక్క వాణ్ణి చూస్తుంది." ఇది తమ్ముడి చేతిలోంచి వాడి అన్నం గిన్నె తీసుకోవడం. రాసేసిన రోజు నుంచి వాడు తన ఇంట్లో తను అతిథి అయిపోతాడు. రేపు నాకు అప్పులైతే నా పేరున్న ఇంటిని అప్పులవాళ్ళు తీసుకుంటారు, నేను పోతే ఆ ఇల్లు నా వారసులకి వెళ్తుంది. వాడి పేరు ఎక్కడా ఉండదు.

నాన్నతో నేను పట్టుబట్టింది ట్రస్టు కోసం. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం కింద ఒక ప్రైవేటు ట్రస్టు, అంటే ఒకరి మేలు కోసం ఆస్తిని ఇంకొందరు చూసుకునే ఏర్పాటు. లబ్ధిదారుడు తమ్ముడు ఒక్కడే. తెనాలి ఇల్లు, డిపాజిట్లు అందులోకి. ట్రస్టీలు ముగ్గురు, నేనొక్కదాన్నే కాదు. వాడు బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు వాడిది. ఇల్లు అమ్మాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి. విల్లులోనే ట్రస్టు రాయొచ్చు, లేదా ఇప్పుడే రిజిస్టరు చేసి విల్లులో దానికి ఆస్తి రాయొచ్చు. స్టాంపు డ్యూటీ లెక్కలు చూసి లాయరు ఏది మేలంటే అది. వైకల్యం శాతాన్ని బట్టి ఆదాయపు పన్నులో వచ్చే 75,000 రూపాయల మినహాయింపు, తీవ్ర వైకల్యానికి 1,25,000, ఇవన్నీ ఆడిటరుకి వదిలేయొచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే అవి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కాగితాలు. ఇవి లేకపోతే వాడు రోడ్డున పడతాడు. కానీ ఇవి మాత్రమే ఉంటే వాడు బతుకుతాడు, అంతే. వాడి రోజు ఎలా గడవాలన్నది ఏ కాగితంలోనూ లేదు.

తెనాలిలో మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. తమ్ముడు పొద్దున తొమ్మిదింటికి అక్కడికి వెళ్తాడు. ఇస్త్రీ చేసిన చొక్కాలని ఇంటింటి మూటల్లో సర్దుతాడు. ఏ చొక్కా ఎవరిదో వాడికి చెప్పక్కర్లేదు, బట్ట ముట్టుకుని తెలుసుకుంటాడు. డాక్టరుగారి తెల్ల చొక్కాలూ, లెక్చరరుగారి తెల్ల చొక్కాలూ నాకు ఒకేలా కనిపిస్తాయి, వాడు ఎప్పుడూ కలపలేదు. ఇస్త్రీ ఆయన్ని "బాబాయ్" అంటాడు. వాడికొచ్చే పది పదిహేను మాటల్లో అదొకటి. బాబాయ్ వాడికి రెండుసార్లు టీ ఇస్తాడు, శనివారం డబ్బులిస్తాడు. ఎంతో తక్కువే, కాని అది దానం కాదనీ కూలీ అనీ ఇద్దరికీ తెలుసు.

అమ్మకి కీళ్ళనొప్పులు ఎక్కువైనప్పుడు వాణ్ణి కొన్నాళ్ళు నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఫ్లాటు ఐదో అంతస్తు. లిఫ్టు ఉంది, ఏసీ ఉంది, టీవీ ఉంది, దగ్గర్లోనే థెరపీ సెంటరు. పొద్దున తొమ్మిదవగానే వాడు చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడేవాడు. నేను చెప్పులు విప్పి లోపలికి తీసుకొచ్చేదాన్ని. మళ్ళీ వేసుకునేవాడు. అరవలేదు, కొట్టలేదు. మధ్యాహ్నం దాకా నిలబడి, ఆ తర్వాత నా బీరువా తీసి మా ఆయన చొక్కాలన్నీ కింద పరిచి మూటలు కట్టాడు. వాడికి మాటలు రావని, వాడి అభిప్రాయం తెలుసుకోవడం కష్టమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఎక్కడ ఉండాలనుకుంటున్నాడో వాడు చాలా స్పష్టంగా చెప్పాడు.

అందుకే ఇప్పుడు మా ప్లానులో మొదటి వాక్యం: వాడు తెనాలిలో ఉంటాడు. వాడు నా దగ్గరికి రావడం కాదు, వాడి ఇంట్లో వాడుండేలా నేను చూడటం. ఖర్చెక్కువ, కష్టమెక్కువ. ఇంట్లో ఉండి వండిపెట్టి, రాత్రిపూట ఫిట్స్ వస్తే చూసుకునే మనిషి కావాలి. కానీ ఆ ఊళ్ళో వాడు ఫలానా అని తెలుసు. హైదరాబాదులో వాడు మా ఫ్లాటులో ఒక పేషెంటు.

"వాడికేం తెలుసు, మంచీచెడూ మనం చూడాలి" అనేవాళ్ళకి సుప్రీంకోర్టు 2009లో ఇచ్చిన ఒక తీర్పు గుర్తుచేస్తాను. చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న ఒక అనాథ యువతి, స్వల్ప మేధో వైకల్యం. ఆశ్రమంలోనే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. ఆమెకి నా అన్నవాళ్ళు లేరు, బిడ్డని పెంచలేదు, కాబట్టి గర్భం తీసేయమంది హైకోర్టు. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. సుప్రీంకోర్టు ఆమె మాటే నిలబెట్టింది. స్వల్ప మేధో వైకల్యం ఉన్నంత మాత్రాన ఆమె సమ్మతిని పక్కన పెట్టడానికి లేదంది. ఆమెని, బిడ్డని చూసుకునే ఏర్పాటుకి నేషనల్ ట్రస్ట్ ముందుకొచ్చింది. నాకు ఈ తీర్పులో ముఖ్యంగా కనిపించేది ఆ క్రమం. ముందు ఆమె ఏం కోరుకుంటోందో విన్నారు, తర్వాత దానికి కావాల్సిన సాయం వెతికారు. మన ఇళ్ళలో ముందు మనకి కుదిరే సాయమేదో తేల్చుకుని, దాన్నే వాళ్ళు కోరుకోవాలంటాం.

వాడి తరఫున మాట్లాడాలంటే ముందు వాడి భాష రాసి పెట్టుకోవాలి. అందుకని ఒక లాంగ్‌నోట్‌బుక్ మొదలుపెట్టాం. అమ్మ చెప్తుంది, నేను రాస్తాను. పొద్దున, రాత్రి వేసే ఫిట్స్ మాత్రల పేరు, మోతాదు. డాక్టర్ని అడక్కుండా కంపెనీ మార్చొద్దు. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి. షవరు కింద స్నానం చేయడు, బకెట్టూ చెంబూ కావాలి, వీపు మీద పోసేముందు చెప్పి పోయాలి. నాన్నా, ఇస్త్రీ బాబాయ్ కొడుకూ తప్ప మగవాళ్ళెవరూ స్నానాలగదిలోకి వెళ్ళకూడదు. ఉరుముకి భయం, ఆ సమయంలో తలమీద దుప్పటి కప్పితే చాలు. చారన్నం చివర్లో కలపాలి, ముందు కలిపితే ఇక తినడు. పంటినొప్పి వస్తే చెప్పలేడు, ఎడమ మణికట్టు కొరుక్కుంటాడు.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాలి. ఒకసారి వాడు అలా కొరుక్కుని, ఆపబోయిన అమ్మ చెయ్యి కూడా కొరికాడు. తీసుకెళ్ళిన చోట డాక్టరు "వయొలెంట్ అవుతున్నాడు" అని మత్తు మాత్రలు రాశాడు. వాడు రోజంతా నిద్రలో జోగాడు. ఆ తర్వాత అమ్మ వాడి నోరు తెరిపించి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే వెనక దంతం పుచ్చి చిగురు వాచి ఉంది. పన్ను తీయించాక కొరకడం ఆగిపోయింది. రేపు అమ్మ లేని రోజున వాడు మణికట్టు కొరుక్కుంటే, లైటు వేసి చూడాలని తెలిసినవాళ్ళు ఒక్కరైనా పక్కన ఉండాలి. లేకపోతే వాడు మిగతా జీవితమంతా మత్తులో, పుచ్చిన పళ్ళతో గడుపుతాడు. ఇలాంటివాళ్ళ తరఫున మాట్లాడటమంటే సభల్లో ఉపన్యాసాలే కానక్కర్లేదు, డాక్టరు చీటీ రాస్తుంటే "ఒక్క నిమిషం సార్, పళ్ళు చూడండి" అనగలిగే మనిషి ఉండటం.

అలాంటి మనుషుల్ని జీతానికి పెట్టుకోలేం. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో కొంతమంది తల్లిదండ్రులు ఇదే ప్రశ్నతో 1989లో ప్లాన్ అనే సంస్థ పెట్టుకున్నారు. వైకల్యం ఉన్న ప్రతి మనిషి చుట్టూ ఇష్టంగా వచ్చే కొందరిని ఒక జట్టుగా కూర్చడం వాళ్ళ పని. అది చదివాక నాకనిపించింది, ఆ జట్టు మా వీధిలో సగం తయారుగానే ఉందని. ఇస్త్రీ బాబాయ్, ఆయన కొడుకు, మందుల షాపాయన, చిన్నప్పుడు వాడికి చెప్పిన స్పెషల్ టీచరు, మా పిన్ని కొడుకు. వీళ్ళని విడివిడిగా వదిలేయకుండా ఒకచోట కూర్చోబెట్టాం. సంక్రాంతికి ఒకసారి, వాడి పుట్టినరోజుకి ఒకసారి మా ఇంట్లో భోజనం. నోట్‌బుక్ అందరి ముందూ చదువుతాం. ఎవరు ఏది గమనిస్తారో అప్పుడే అనుకుంటాం. వాడూ అక్కడే కూర్చుంటాడు. నచ్చనిది చదివితే పుస్తకం మూసేస్తాడు, అప్పుడు ఆ వాక్యం ఎందుకు నచ్చలేదో వెతుక్కోవడం మా పని.

అయితే ఇదంతా చదివి "అంతా ఇంటివాళ్ళే చేసుకోవచ్చన్నమాట" అనుకుంటే నాకు అభ్యంతరం. మాకు సొంతిల్లుంది, పెన్షనుంది, కాగితం చదవగలిగిన నేనున్నాను. ఇవేవీ లేని ఇళ్ళే ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో మేధో వైకల్యం కింద నమోదైనవాళ్ళే దేశంలో 15 లక్షల మంది. వాళ్ళలో పిల్లలకైనా ఏదో ఒక దారి ఉంది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు చట్టం ఇచ్చిన హక్కు, మన రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పద్దెనిమిది నిండిన మర్నాడు ఏముంది? ఇల్లు, అరుగు, టీవీ. సికింద్రాబాదులో 1984 నుంచి మేధో వైకల్యానికి జాతీయ సంస్థే ఉంది మనకి. దేశం నలుమూలల నుంచీ అక్కడికి వస్తారు. కానీ తెనాలిలోనో, మహబూబాబాదులోనో ముప్పై ఏళ్ళ మనిషి పొద్దున లేచి వెళ్ళడానికి ఒక చోటు లేదు. పెద్దవాళ్ళు కలిసి ఉండేందుకు ఘరౌందా, తల్లిదండ్రులకి కొన్నాళ్ళు ఊపిరి తీసుకోవడానికి సమర్థ్ అని నేషనల్ ట్రస్ట్ పథకాలు పెట్టింది, తర్వాత ఆ రెంటినీ కలిపేసింది. ఎన్ని ఊళ్ళలో కనిపిస్తున్నాయి అవి?

దివ్యాంగులకి నెలనెలా ఇచ్చే పెన్షన్ విషయంలో ప్రభుత్వాలు కదిలాయి, అది ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకి 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో 4,016కి పెంచారు. ఆ డబ్బు ఇంట్లో ఆ మనిషి గౌరవాన్ని నిలబెడుతుంది, నేను చూశాను. కానీ పెన్షన్ పెంచితే పనైపోయిందనుకోవడం నాకు నచ్చదు. తల్లి కూలికి వెళ్తే ఆ పూట వాణ్ణి ఎవరు చూస్తారన్న ప్రశ్నకి డబ్బు సగం జవాబే. మండలానికి ఒక పగటి కేంద్రం, మనిషికి సరిపడా పని, తల్లికి ఆ నాలుగైదు గంటల వెసులుబాటు: ఈ మూడూ ఒకేచోట దొరికేలా అడగాలి మనం. సోమవారం సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు, అటు ఆంధ్రాలోనూ ఇటు తెలంగాణలోనూ. మన తల్లిదండ్రులు ఒక్కొక్కరే, ఒక్కో సర్టిఫికెట్ కోసం, ఒక్కో వారం వెళ్తారు. పదిమంది తల్లులు ఒకే అర్జీతో, పిల్లల్ని వెంటబెట్టుకుని ఒకే సోమవారం వెళ్తే ఆ హాల్లో వాళ్ళని చూడకుండా ఉండటం ఎవరివల్లా కాదు.

ఇక మా ఇంటి సంగతి. ట్రస్టు ముసాయిదా లాయరు దగ్గరుంది. ముగ్గురు ట్రస్టీల్లో ఇద్దరి పేర్లు రాశాం. మూడో పేరు మాకంటే వయసులో చిన్నవాళ్ళదై ఉండాలన్నది నా పట్టు. పిన్ని కొడుకు ఆలోచించుకుని చెప్తానన్నాడు, అలా అన్నందుకు వాడి మీద గౌరవం పెరిగింది. గార్డియన్‌షిప్ దరఖాస్తులో బ్యాంకు, పెన్షన్, ఆపరేషన్ సమ్మతి, ఈ మూడు పనులకే అని రాశాం. ఎక్కడ ఉండాలి, రోజంతా ఏం చేయాలి అన్నవి అందులో లేవు. వాటికి గార్డియన్ అక్కర్లేదు.

దరఖాస్తు పెట్టి నెలలవుతోంది. లోకల్ లెవెల్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలని చట్టంలో ఉంది. మా జిల్లాలో చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఎన్ని దరఖాస్తులు పెండింగులో ఉన్నాయో, దరఖాస్తు పెట్టిన ఎన్నాళ్ళకి తేలుస్తున్నారో అడుగుతూ సమాచార హక్కు కింద కలెక్టరేటుకి రాశాను. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి మనిషి ఉంటే మీ జిల్లాకి మీరూ అవే మూడు ప్రశ్నలు రాయండి. ఫీజు పది రూపాయలు.